మోకాలిలో ఉన్న మనిషి

గోదావరిఖని

చిరంజీవి తిరుమలకు,

బాపు దీవించి రాస్తున్నది. మీ అమ్మ బాగుంది. క్వార్టర్ ముందు పెట్టిన మునగచెట్టు కాపుకొచ్చింది. నా సంగతి ఈ ఉత్తరంలోనే కింద చెప్తాను.

నీ ఉత్తరం అందింది. కబడ్డీలో లిగమెంటు తెగిన నీ మోకాలికి వచ్చే వారమే ఆపరేషన్ అన్నావు. నీ తొడ వెనక నరమే తీసి వేస్తానని డాక్టరమ్మ అంటే, అప్పట్లో నా మోకాలికి వేసినట్టు చనిపోయిన దాత నరం వేయమని పట్టుబట్టావట. కోత తక్కువ, జల్ది కోలుకుంటే సెలక్షన్లకు అందుతానన్నావు. "మా బాపు బొగ్గుబాయిల దిగుతలేడా?" అని ఆమెతో వాదించానని రాశావు. ఆ మాట చదివాక ఇక దాచకూడదనుకున్నాను.

దాత ఎవరని అడిగావు. అది మనకు చెప్పరు. ఆపరేషన్ అయిన ఏడు పెత్తర అమాస నాడు, పోయిన మీ తాత పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు మీ అమ్మ పక్కన ఇంకో విస్తరి పరిచింది. అయ్యగారు పేరు అడిగారు.

"పేరు ఎరుక లేదయ్యా. మా ఇంటాయన మోకాల్ల ఉన్నడు," అంది.

ఆయన నవ్వలేదు. మంత్రం చదివారు. అప్పటి నుంచి ఏటా ఆ విస్తరిలోనూ బియ్యం ఇస్తున్నాం.

ఇక అసలు మాట. ఫోన్లో అయితే నా నోట రాదు. నా మోకాలు బాగా లేదు బిడ్డా. లోపల వేసిన నరం సాగిపోయిందని స్కానింగులో తేలింది. మెట్లు దిగుతుంటే కాలు పక్కకు జారిపోతుంది. బాయి దిగడం ఎప్పుడో మానేశాను. పైన ల్యాంపు రూములో దిగేవాళ్లకు లైట్లు ఇస్తున్నాను. షిఫ్టు వేళలు అవే కాబట్టి మీ అమ్మకూ తెలియలేదు.

ఎందుకు దాచానంటే, సిగ్గేసింది. చచ్చి కూడా ఇచ్చిపోయిన మనిషి. ఆ నరం పనికి రాలేదని ఏ నోటితో అనాలి? విస్తరి పెట్టి, ఆ విస్తరి ముందే నింద వేసినట్టు అనిపించింది. అందుకే ఎవరడిగినా "ఏం ఫికర్ లేదు, రాయి లెక్క ఉన్నది" అంటూ వచ్చాను.

తప్పు దాతది కాదని నా కాలు చూసే డాక్టరు చెప్పాడు. చాలామందికి బాగానే పనిచేస్తుందట. కాకపోతే అది లోపల అతుక్కోవడానికి మన నరం కన్నా ఎక్కువ కాలం పడుతుంది. నేను ఆగలేక ముందే బాయి దిగాను. నీ వయసులో, ఆటలాడేవాళ్లకు దాత నరం మళ్లీ తెగడం ఎక్కువని కూడా చెప్పాడు. నాకు రెండు లిగమెంట్లు పోయి, వేరే దారి లేక వేశారు. నీకు దారి ఉంది.

పొద్దున మీ అమ్మకు అంతా చెప్పాను. పొయ్యి ఆపేసి నా ముందు కూర్చుంది.

"ఇచ్చిన మనిషి పుణ్యానికి ఇచ్చిండు. నిన్ను అబద్ధమాడుమన్నడా? పిల్ల కాలు మీదికి తెచ్చినవు గదయ్యా," అంది.

లేచి కాగితం తెచ్చుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

ఈసారి సెలక్షన్లు పోతే పోనీ తల్లీ. డాక్టరమ్మ చెప్పినట్టే చెయ్యి. ఎందుకు మనసు మార్చుకున్నావని అడిగితే, మా బాపు అబద్ధం చెప్పాడని చెప్పు. నాకేం కాదు.

ఇట్లు,
నీ కాలు నిలవాలని కోరే
నీ బాపు,
సదానందం