ఎమర్జెన్సీ గోడ మీద చదివిన మాటలు

చిట్టితల్లి రాజకుమారికి నాన్న మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. ప్రతి ఉత్తరంలో అలవాటుగా రాసే మాటే ఇది. ఈసారి మాత్రం అరుగు మీద కూర్చుని చోళ్లు చెరుగుతున్న మీ అమ్మను ఒకసారి చూసుకుని మరీ రాశాను.

కడుపులో బిడ్డ తన్నుతోందని రాశావు. ఆ మాట ఊరంతా చెప్పేశాను, మీ అమ్మ చేత తిట్లు తిన్నాను. మీ కిరండూల్‌లో అంబలికి మంచి చోడిపిండి దొరకడం లేదన్నావు. ఆడించి ఉంచాం, ఎవరితో పంపేదీ చివర రాస్తాను. ఆ మధ్య అమ్మ ఫోనెందుకు తీయలేదని అడిగావు. చీపురుపల్లి అత్త ఇంటికి వెళ్లిందన్నాను. అది అబద్ధం తల్లీ. నెలలు నిండుతున్న మనిషివి, కంగారుపడి రైలెక్కేస్తావని భయపడ్డాను. అమ్మ లేచి తిరుగుతోంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

చోడి చేలో కలుపు తీస్తుంటే మీ అమ్మను పాము కరిచింది. మన అప్పలసూరి ఆటోలో టౌనులోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఎమర్జెన్సీ ముందు కౌంటరులో ధనరాజు అనే కుర్రాడు ముందు డబ్బు కట్టాలన్నాడు. చేతిలో లేదంటే విజయనగరం పెద్దాసుపత్రికి పట్టుకుపొమ్మన్నాడు.

అక్కడ గోడ మీద పెద్ద బోర్డు ఉంది. నా చదువు నీకు తెలుసు కదా. రాత్రిబడిలో నేర్చింది, గొంతెత్తితేగాని అక్షరం కదలదు. పైగా తప్పెటగుళ్లలో ముందు పాట పాడినవాణ్ణి. బస్సులో దుకాణాల పేర్లన్నీ చదువుకుంటూ వస్తుంటే సిగ్గేసి నా తువ్వాలు పట్టి లాగేదానివి. ఆసుపత్రికి వచ్చినవాళ్లు పాటించాల్సినవేవో రాసుంటాయి, మనం ఏదో తప్పు చేశాం, అందుకే పొమ్మంటున్నారు అనుకుని మొదలుపెట్టాను.

“అత్యవసరంగా వచ్చిన రోగికి, డబ్బు కోసం ఆపకుండా, వెంటనే ప్రాణరక్షణ చికిత్స పొందే హక్కు ఉంది.”

హాల్లో వాళ్లంతా నా వైపు తిరిగారు. నాకు తలకెక్కక మళ్లీ చదివాను. బెంచీ మీది ముసలమ్మ అంది: “ఓలమ్మ, అలగ రాసున్నాది కదేటి. మరి మనిసినెందుకు పొమ్మంతన్నారు?”

మిగతావాళ్లూ అందుకున్నారు. ఆ గోలకి లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది. పేరు పద్మకుమారి. మీ అమ్మ రెప్ప ఎత్తి చూసి, ధనరాజు వైపు తిరిగి, “డబ్బు సంగతి తరవాత. స్ట్రెచర్ తే” అంది. విషానికి మందు ఎక్కించారు, ఊపిరికి గొట్టం వేశారు. మర్నాడు మీ అమ్మ కళ్లు తెరిచి, నా తువ్వాలు మాసిపోయిందని సైగ చేసింది. అదొక్కటి చాలు నాకు, ఏడ్చేశాను.

దండం పెట్టబోతే డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని, ఇది దయ కాదు తాతగారూ, మేం చేయాల్సిన పని అంది. కావచ్చు. హక్కయినా సరే, బతికించిన చేతికి దండం పెట్టకుండా ఎలా ఉంటాం? ఇంటికొచ్చాక మన పాదు దోసకాయలు మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. ధనరాజు నాకు టీ ఇప్పించి, “తాతా, రోజూ ఆ బోర్డు కిందే కూకుంతాను, ఒక్కసారీ సదవనేదు” అన్నాడు. పాపం, వాణ్ణేమీ అనాలనిపించలేదు.

ఎందుకంటే, మీ అమ్మకి కూడా చెప్పని మాట ఒకటుంది. వాడు పొమ్మన్నప్పుడు నేను “సరే బాబూ” అన్నాను తల్లీ. ఎదురడగలేదు. ఆటో తిప్పమని అప్పలసూరిని పంపించాను కూడా. వాడు తిప్పుకొచ్చేలోగా ఆ బోర్డు కనపడింది. విజయనగరం దాకా ఊపిరి నిలిచేది కాదని డాక్టరమ్మ తరవాత చెప్పింది. ఆ “సరే” గుర్తొస్తే ఇప్పటికీ రాత్రుళ్లు లేచి మీ అమ్మ ఊపిరి చూసుకుంటాను.

అందుకే చెబుతున్నాను. కాన్పుకి అక్కడి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎవరు పొమ్మన్నా సరే అనకు. గోడలు చూడు. అల్లుడు దేవేంద్ర మంచివాడే గాని మెత్తని గొంతు. కాబట్టి పిండి మూట పట్టుకుని కొత్తవలసలో నేనే రైలెక్కుతున్నాను. “నువ్వెల్లి ఏటి సేస్తావు?” అంది మీ అమ్మ. “సదువుతాను” అన్నాను. అక్కడి గోడల మీద హిందీలో ఉంటేనేం, ఆ బోర్డు మాట నాకు కంఠతా వచ్చేసింది.

ఈసారి తువ్వాలు లాగకు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూడక, తానే వస్తున్న మీ నాన్న,
ఎర్రన్న