పదహారు పళ్ల షాఫ్ట్

సెప్టెంబరు 1, సోమవారం
రాజమండ్రి నుంచి వచ్చాం. డయాలసిస్ తర్వాత మా ఆవిడ కరుణ బరువు 46 కిలోలు. గోదావరి పాయకి అడ్డంగా ఉన్న పల్లపు కాజ్‌వే మీద నీళ్లు లేవు. ఇసుక గట్టు ఎక్కుతుంటే జీపు క్లచ్ జారింది. ఫస్ట్ గేర్లోనే ఇంటికి. గురువారం మళ్లీ వెళ్లాలి. ఆలోగా గేర్ బాక్స్ దించి, ప్లేటు మార్చి, ఎక్కించాలి. లంకలో మెకానిక్ లేడు. నేనే.

2, మంగళవారం
పొద్దుటి నుంచీ జీపు కిందే. పడవ సత్యం వంగి చూశాడు— “జీపుని ఎనిమిదంగుళాలు లేపింది కింద పడుకోడానికా అండీ?”
లేపింది అందుకు కాదు, వరద నీళ్లలో దాటడానికి. పోయినేడు వరదకి పడవలు ఆపేశారు. కరుణ డయాలసిస్ లేకుండా అయిదు రోజులు... రాయను.
ఆ ఎత్తుకి సరిపడా పొడిగించిన, చక్రాలని తిప్పే షాఫ్ట్ విప్పాను. ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ముక్కలు, పదహారు పళ్లు. ఒక్క పన్ను దగ్గర కలిపితేనే వణుకు లేకుండా తిరుగుతుంది. మళ్లీ అక్కడే కలిసేలా రెండు ముక్కల మీదా సుద్దతో గీత. గేర్ బాక్స్ దిగింది.

3, బుధవారం
బరువు 48. కొత్త ప్లేటు పడింది. గేర్ బాక్స్ ఎక్కింది. అన్నం తిని వచ్చేసరికి కరుణ స్టూలు వేసుకుని షాఫ్ట్ ముక్కలు కిరసనాయిలుతో తోముతోంది. సూదులు పడని చేత్తో.
“ఎలా మెరుస్తోందో చూడండి. ఒక్క మరక లేదు.”
గీతలూ లేవు.
బాగుంది అన్నాను.
గుర్తున్నట్టు అనిపించిన పన్నుకి బిగించాను.

4, గురువారం
కాజ్‌వే మీద అడుగు నీళ్లు. దాటాం. స్పీడు నలభై దాటితే బండంతా వణుకు.
“రోడ్డేనా అండీ ఇలా ఉంది?”
“రోడ్డే.”
డయాలసిస్ అయ్యాక, రాజమండ్రిలో ఉండే వాళ్లక్క కరుణ చెయ్యి పట్టుకుంది— “వరద వస్తోందే, ఇక్కడే ఉండిపోండి.”
“ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉందక్కా. సంస్కారం మానితే ఎలా?” నా వైపు చూసింది. ఉండిపోదాం అనాల్సింది.
తిరిగొచ్చాం. షాఫ్ట్‌ని కీలులా పట్టుకునే, నిన్నే వేసిన కొత్త క్రాస్ చుట్టూ అప్పుడే ఎర్రటి తుప్పు పొడి. ఇలాగే అరిగితే విరుగుతుంది. నీళ్ల మధ్య విరిగితే—

5, శుక్రవారం
విప్పడం, ఒక పన్ను జరపడం, బిగించడం, గట్టు మీద నడిపి చూడడం. ఆరు పళ్లు అయ్యాయి. అన్నీ వణుకే.

6, శనివారం
పదకొండో పన్ను దాకా వచ్చాను. వణుకే. కాజ్‌వే మీద అడుగున్నర. పడవలు ఆపేశారు. సత్యం ఇవాళ నవ్వలేదు.

7, ఆదివారం
పని లేదు. ఆదివారాలు మా ఇంట్లో పనిముట్టు పట్టం. బల్ల దగ్గర కరుణ రొట్టె పుచ్చుకుంది. ద్రాక్షారసం పెదవికి తాకించి ఆపేసింది... రోజుకి ముప్పావు లీటరే తాగాలి, అదీ లెక్కే.
ఇంటికొచ్చి స్పానర్ల వైపు చూశాను. “రేపు చూడొచ్చులెండి,” అంది.
నీళ్లు రెండడుగులు.

8, సోమవారం
ఇవాళ డయాలసిస్. బరువు 50. మొహం ఉబ్బింది. నీళ్లు రెండున్నర. దాటితే వరద తీసేదాకా వాళ్లక్క దగ్గరే.
పన్నెండో పన్ను. వణుకు. పదమూడోది బిగిస్తుంటే కరుణ సుద్దముక్క తెచ్చి చేతిలో పెట్టింది.
“గీత పెట్టుకోండి. ఈసారి కడగనులెండి.”
ఎప్పుడు తెలిసిందో. గీత పెట్టాను.
సంచితో ఎక్కి కూర్చుంది. ముందు గట్టు మీద నడిపి చూస్తానంటే వినడం లేదు.
“నీళ్లు ఆగుతాయేంటండీ? దాటుతూనే చూద్దురుగాని.”