మేస్త్రీతో మొహమాటం లేకుండా పద్నాలుగు రోజులు

సోమవారం, 3. ఉదయం 6.10

ఈ రోజు నుంచి మొహమాటం బంద్!

ఎందుకో రాసి పెట్టుకుంటున్నాను, రేపు నన్ను నేనే బుకాయించకుండా. పెరటివైపు చిన్న గదికి రంగులు వేయడం నిన్నటితో అయిపోయిందని పెయింటర్ మేస్త్రీ అంటున్నాడు. అయిపోయినదాని వివరం: పడమటి గోడకి బొబ్బలు, నేను లెక్కపెట్టినవి ఇరవై మూడు. రంగులో బ్రష్ వెంట్రుకలు. ఒక దోమ, రెక్కలతో సహా. స్విచ్‌బోర్డు సగం పసుపు. కిటికీ రెక్క రంగుతో ఫ్రేముకి అతుక్కుపోయి ఎంత లాగినా రావడం లేదు.

గది మా ఆవిడది. పదకొండేళ్ళుగా భోజనాల బల్ల మీద కుట్టుమిషన్ పెట్టుకుని, తినే వేళకి దించి, తిన్నాక ఎక్కించి కుడుతోంది. ఆ గదిలో నా పాత పేపర్లు, కాలు విరిగిన కుర్చీలు ఉండేవి. ఇన్నాళ్ళకి ఖాళీ చేశాను. ఇరవయ్యో తేదీన అక్కడ కుట్టు క్లాసు మొదలు. ఎనిమిది మంది చేరారు కూడా. మా ఆవిడ తన చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంటే చూసుకోవడానికి వెళ్ళింది, పదహారున వస్తుంది. వెళ్తూ ఒక్కటే మాట: "మీరు కాస్త గట్టిగా మాట్లాడండి, చాలు."

నియమాలు:
1. మేస్త్రీకి కుర్చీ వేయకూడదు.
2. టీ ఇవ్వకూడదు.
3. మొదటి మాటే లోపం. పొగడ్త నిషేధం.

అద్దం ముందు మూడుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి నాకే భయమేసింది. భేష్!

మంగళవారం, 4

తొమ్మిదికి వస్తానన్నవాడు 11.40కి వచ్చాడు. "రండి రండి మేస్త్రీ గారూ!" అన్నాను. 'గారు' మీద నియమం లేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

నిలబెట్టే మాట్లాడాను. అతను నిలబడ్డాడు కదా అని నేనూ నిలబడ్డాను. ఐదు నిమిషాలకి నా మోకాలు మొరాయించింది. నేను కూర్చుని అతన్ని నిలబెడితే ఏం బాగుంటుంది? రెండు కుర్చీలు వేశాను. టీ మాత్రం ఇవ్వలేదు! నేను కాచుకున్నదాంట్లో సగం పోశాను. ఇవ్వడం వేరు, పంచుకోవడం వేరు.

మొత్తానికి బొబ్బలు చూపించాను. అతను గోడ మీద చెయ్యి వేసి, తల పంకించి, "మీ బాధ నాకు అర్థమైంది సార్" అన్నాడు.

నా ఉద్యోగం వాషింగ్ మెషీన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగం. ఇరవై రెండేళ్ళుగా రోజుకి నలభైసార్లు నేను చెప్పే మాట అది!

బుధవారం, 5. ఆఫీసు

మా విభాగంలో మూడు డోసులు. మొదటిది, మీ బాధ అర్థమైంది. రెండోది, మీలాంటి కస్టమర్లు దొరకడం మా అదృష్టం. మూడోది, రెండు రోజులు గమనించి చెప్పండి. మూడో డోసుకి ఎంతటివాడైనా చల్లబడి ఫోన్ పెట్టేస్తాడు.

సాయంత్రం మేస్త్రీ ఫోన్. "సార్, మీలా విడమరిచి చెప్పే మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు. రంగు ఇంకా పచ్చిగా ఉంది. రెండు రోజులు ఆరనివ్వండి, అప్పుడు చూసి చెప్పండి."

రెండూ మూడూ ఒకేసారి పోశాడు! కిటుకు తెలిసినవాణ్ణి, నేను బుట్టలో పడతానా? "అలాగే మేస్త్రీ గారూ, తొందరేం లేదు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

శుక్రవారం, 7

ఆరింది. బొబ్బలు కూడా చక్కగా ఆరాయి.

మేస్త్రీ వచ్చి వాటిని గీకి, పుట్టీ పెట్టి, పైన రంగు కొట్టాడు. ఆ రంగు పాతదానికంటే ముదురు. ఇప్పుడు గోడ మీద ఇరవై మూడు మచ్చలు. "దీనికి తగ్గట్టు మిగతా గోడ కలపాలి సార్" అన్నాడు. అంటే తను చేసిన మచ్చకి గోడే సర్దుకోవాలి! ఈ మాట అందామనుకున్నాను. "మీరెలా అంటే అలా" అన్నాను.

ఒక విజయం: టీ ఇవ్వలేదు. పాలు విరిగిపోయాయి.

ఆదివారం, 9

ఈ రోజు తాడో పేడో తేల్చేస్తానని కాస్త కటువుగానే తలుపు తీశాను. అతను నిచ్చెన మోసుకుంటూ నిలబడి ఉన్నాడు. బరువు మోస్తున్నవాణ్ణి ఎలా దబాయిస్తాం? నిచ్చెన ఒక కొస పట్టుకున్నాను. లోపలికి తెచ్చాక అది ఊగుతోంది, కాబట్టి కింద పట్టుకున్నాను. కాసేపటికి పైనుంచి, "సార్, మీ చెయ్యి నిలకడగా ఉంది. ఈ రోలర్ ఒకసారి పట్టి చూడండి" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటి దాకా నేను వేశాను. అతను కుర్చీలో కూర్చుని పైకీ కిందికీ చెయ్యి ఊపుతూ చెప్పాడు. టీ కూడా అతనే పెట్టాడు, నా వంటింట్లో, పంచదార డబ్బా ఎక్కడుందో అడగకుండానే. నియమం 2 ప్రకారం నేను ఇవ్వలేదు.

మచ్చలు తెలుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు గోడలు మూడు రకాల పసుపు. ఒక రకం నాది. అదే నయంగా ఉందనిపిస్తోంది, ఎవరికీ చెప్పను.

మంగళవారం, 11

కిటికీ సంగతి ఎత్తాను! గట్టిగా! "మేస్త్రీ గారూ, కిటికీ..."

"కావాలనే బిగించాను సార్. దుమ్ము రాదు. సామాన్ల గదికి గాలెందుకు?"

తల ఊపాను. నేను ఊపాననుకోవడం లేదు, అదే ఊగింది.

మా ఆవిడ ఫోన్. "గట్టిగా మాట్లాడారా?" "మాట్లాడుతూనే ఉన్నాను." "ఏమన్నాడు?" "అర్థమైందన్నాడు."

అబద్ధం ఒక్క ముక్క లేదు.

బుధవారం, 12

మేస్త్రీ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. పని చేయించుకున్నవాళ్ళు అందులో అభిప్రాయం రాయాలి. పెన్ను కూడా అతనిదే. చదువుకున్నవాళ్ళు రాస్తే ఆ విలువే వేరు సార్, అని పక్కన నిలబడ్డాడు. మనిషి ఎదురుగా నిలబడి చూస్తుంటే 'మచ్చలు' అని ఎలా రాస్తాం? 'ఓర్పు గల మనిషి' అని మొదలుపెట్టాను. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. పేజీ నిండింది. 'కళాకారుడు' అన్న మాట రెండుసార్లు పడింది.

గురువారం, 13

మెట్ల దగ్గర పై వాటావిడ ఎదురైంది. "మీరు రాసింది చదివి కళ్ళు మూసుకుని ఒప్పేసుకున్నానండీ. ఇల్లంతా అతనికే ఇచ్చాం. థాంక్సండీ!"

నిచ్చెన పైకి వెళ్ళిపోయింది. మా గదిలో చుక్కలు పడ్డ పాత పేపర్లు మాత్రం మిగిలాయి.

శనివారం, 15

ప్రశాంతంగా ఆలోచిస్తే, సాయంత్రం వెలుగులో మూడు పసుపులూ కలిసిపోతాయి. లైటు వేయకపోతే ఇంకా బాగా కలిసిపోతాయి. ఈ ప్రపంచంలో ఏ గోడ నున్నగా ఉంది? గదిలోంచి కదల్చలేక వదిలేసిన బీరువాని అరడుగు జరిపితే తొమ్మిది మచ్చలు కనిపించవు. జరిపాను. నడుం పట్టేసింది.

ఆదివారం, 16. సాయంత్రం

వచ్చింది. బ్యాగు కూడా దించకుండా గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తిడుతుందని చెవులు సిద్ధం చేసుకున్నాను.

గోడలన్నీ చూసింది. కిటికీ లాగింది. ఇంకోసారి లాగింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వుతూ, "పోన్లెండి, మీరు చాలా శ్రమపడ్డట్టున్నారు. బల్ల మీద కుట్టడం నాకు అలవాటే. క్లాసు వచ్చే ఏడు చూద్దాం" అంది. గదిలో నేను ముందే తెచ్చి పెట్టిన మిషన్ని వంగి ఎత్తుకుంది.

ఆ గొంతు నాకు తెలుసు. పద్నాలుగు రోజులుగా మేస్త్రీ ముందు నేను వాడిన గొంతే అది. మా ఆవిడ నాతో మొహమాటపడుతోంది! పదకొండేళ్ళ నుంచీ పడుతోంది. నేను ఇన్నాళ్ళూ అది సర్దుబాటు అనుకుని నిశ్చింతగా భోంచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాతో మొహమాటం వద్దు. తిట్టు" అన్నాను.

"ఛ, ఏముందండీ తిట్టడానికి."

"ఒక్కటైనా తిట్టు."

మిషన్ కింద పెట్టింది. ఊపిరి పీల్చుకుంది. నలభై నిమిషాలు! మచ్చల దగ్గర మొదలుపెట్టి, నా పాత పేపర్ల మీదుగా, పెళ్ళయిన రెండో నెల దాకా వెళ్ళి వచ్చింది. మధ్యలో మంచినీళ్ళు ఇచ్చాను. తాగి కొనసాగించింది. ఆఖరికి అడిగింది: "ఇంతకీ అది ఎవరి గది అని చెప్పారు మేస్త్రీకి?"

ఆలోచించాను. కుర్చీ వేశాను, నిచ్చెన పట్టుకున్నాను, పేజీ నిండా రాశాను. ఆ మాట మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. సామాన్ల గది అని అతనంటే తల కూడా ఊపాను.

తను కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏదో అయింది. ఇద్దరం గుమ్మంలోనే కూర్చున్నాం.

సోమవారం, 17. ఉదయం 6.10

ఈ రోజు నుంచి మొహమాటం బంద్. ఈసారి ఇద్దరికీ!

పాత నియమాలు కొట్టేశాను. మొదటి రోజు.

8.40. పై వాటాకి వెళ్ళాను. పై వాటావిడ "అబ్బ, ఎంత బాగా వేస్తున్నారో!" అంటూనే మేస్త్రీ వెనక నుంచి రంగు కారిన గోడ వైపు నాకు కళ్ళతో సైగలు చేస్తోంది. పాపం, ఆవిడకింకా మొదటి వారమే.

"మేస్త్రీ గారూ, కింద గది సామాన్లది కాదు. మా ఆవిడ పనిచేసుకునే గది. ఎల్లుండి దాటితే తొమ్మిది మంది అందులో కూర్చుంటారు. గాలి రావాలి." ఈసారి మాటలన్నీ బయటికే వచ్చాయి.

అతను బ్రష్ కింద పెట్టాడు. అర్థమైందనలేదు. అదృష్టమనీ అనలేదు. "మేడమ్ గదా! ముందే చెప్పొచ్చుగా సార్" అని జేబులోంచి బ్లేడు తీసి, కిందికి వచ్చి, ఫ్రేము చుట్టూ గీత గీసినట్టు లాగాడు. అరచేత్తో ఒక్క తట్టు తట్టాడు.

కిటికీ తెరుచుకుంది. మా ఆవిడ తల బయటికి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది.

మచ్చల సంగతి రేపు ఎత్తుతాను. మొదటి రోజే అన్నీ అనేస్తే ఏం బాగుంటుంది?