సబ్బు పూసిన పన్నీరుబుడ్డి

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిపోయింది. హాలుకి రంగులు వేయించి, గోడకి చెక్క అరలు కొట్టించాను. మా నాయనమ్మ వెండిసామాన్లు ఇవాళ ట్రంకుపెట్టెలోంచి తీసి వాటి మీద సర్దుతున్నాను. మీరుంటే గంధపుగిన్నె ఒక అర, మరచెంబు ఒక అర జరిపి, దూరం నుంచి ఒక కన్ను మూసి చూసేవారు.

మద్రాసు వదిలి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశానికి వీటిని మొదటిసారి పెట్టాం. సెట్లో వెండి మెరిస్తే కెమెరాకి కొడుతుందని సబ్బు పూయడం ఆర్ట్ డైరెక్టరుగా మీకు అలవాటు. ఆ అలవాటులో మన హాల్లో సామాన్లకీ పూసేశారు. మా పిన్ని వచ్చి, "అల్యూమినియమా?" అని అడిగింది. నేను మీతో రెండు రోజులు మాట్లాడలేదు. కోపంలో అన్నిటినీ కడగకుండానే పెట్టెలో పడేశాను. మళ్లీ తీయలేదు.

పనిమనిషి యాదమ్మ పొద్దుటి నుంచి వాటిని విభూది పెట్టి తోముతోంది. చివరికి పన్నీరుబుడ్డి పట్టుకొచ్చింది.

"దీని మీద సబ్బు గట్లనే ఎండిపోయిందమ్మా. ఎవరిదో బొటనవేలి ముద్ర గూడ పడ్డది. తోమాల్నా?"

"వద్దు. అలాగే పెట్టు."

"అన్నీ మెరుస్తున్నయి. ఇదొక్కటే మెరుస్తలేదు."

"మెరిస్తే కెమెరాకి కొడుతుంది" అన్నాను.

కెమెరా ఎక్కడుందోనని యాదమ్మ హాలంతా చూసింది.