చివకని మేజోడు

నా కొంగపిల్లా,

వచ్చే బ్రిజిట్ పండక్కి, అంటే ఫిబ్రవరి ఒకటికి, నువ్వు పోయి ఏడాది. ఈ వేళ నీ బీరువా అంతా వెతికి, నీ ఆకుపచ్చ ఫుట్‌బాల్ మేజోడు తెచ్చి బోయిన్ తల్లి బావి మీది చెట్టుకి కట్టాను. అందరూ చేసినట్టే మూడుసార్లు ముంచి, పిండి, రెండు ముళ్ళు వేశాను. ఇక్కడ ఆ దేవతని కొలిచే పిల్లలు కొత్తగా చేరారు. బూడిదరంగు శాలువాలు, చెప్పుల్లేని కాళ్ళు. ఈ జనవరి చలిలో. వాళ్ళ అమ్మలు ఏమంటున్నారో.

మీ అమ్మ,
నోరీన్

తా.క. రెండోది కట్టలేదని అలగకు. అది నువ్వుండగానే పోయింది.

మేజోడు కట్టిన అమ్మగారికి,

బోయిన్ తల్లి చల్లగా చూడాలి. మీ ఉత్తరం చెట్టు కింద దొరికింది. వెనక చిరునామా ఉంటే రాస్తున్నాను. గుడ్డ చివికేకొద్దీ కట్టినవాళ్ళ దుఃఖమూ చివికిపోవాలని ఇక్కడి ఆచారం. మీరు కట్టింది నైలాన్. అది చివకదు.

బావి సేవలో,
సోర్చా

తా.క. ఇరవై రోజులుగా హేజెల్ గింజలు, బావి నీళ్ళతోనే ఉపవాసం ఉన్నాను. చేతిరాత వణికితే మన్నించండి.

తల్లీ సోర్చా,

చివకదని నువ్వే చెప్పావు, మనసు కుదుటపడింది. గాలికి ఊడుతుందేమోనని నిన్న వచ్చి పిన్నీసు కూడా పెట్టాను. తుప్పు పట్టని రకం.

ఉంటాను,
నోరీన్

తా.క. ఆ నీళ్ళు కాచి తాగు. పై పొలంలో ఆవులున్నాయి.

నోరీన్ గారికి,

నేను సరిగ్గా చెప్పలేకపోయాను. మేజోడు చివకకపోతే మీ దుఃఖం పోదు. మేం ఏడుగురమూ కూర్చుని మాట్లాడుకున్నాం. శనివారం చెట్టు మీది చివకనివన్నీ తీసేస్తాం. బెంగపెట్టుకోకండి, మీ పేరున నూలుగుడ్డ నేనే కట్టాను. అప్పుడే బూజు పట్టింది, చక్కగా కుళ్ళుతోంది. ఎండాకాలానికల్లా మీ అబ్బాయి మీద బెంగ పూర్తిగా పోతుంది.

మీ మేలు కోరే,
సోర్చా

తా.క. ఎవరో కారు సీటు బెల్టు కట్టారు. అదీ తీసేస్తున్నాం. మీ ఒక్కరి మీదే కక్ష కాదు.

తల్లీ సోర్చా,

ఆ నూలుగుడ్డ సంగతి చదివి అప్పటికప్పుడు వచ్చి విప్పుకుపోయి, ఉతికి, ఇస్త్రీ చేసి, కలరా ఉండలు వేసి దాచాను. ఏమీ అనుకోకు.

శనివారం గేటు దగ్గర నిలబడి చూశాను. సీటు బెల్టు తీశావు. మేజోడు పిన్నీసు విప్పావు. నన్ను చూశావు. మళ్ళీ పెట్టేశావు. "ఇది చివుకుతూనే ఉంది, కాస్త నెమ్మది" అన్నావు మీవాళ్ళతో. నీ చేత దేవత ముందు అబద్ధమాడించాను. అందుకే నిజం చెప్తున్నాను.

ఇరవై ఆరేళ్ళు వానకోట్ల ఫ్యాక్టరీలో కుట్టాను. ఏ గుడ్డ చివుకుతుందో కళ్ళు మూసుకుని తడిమి చెప్తాను. మావాడి నూలు చొక్కాలు పదకొండున్నాయి. అవన్నీ పక్కనపెట్టి మరీ మేజోడు తెచ్చాను. వాడు ఎలాగూ పోయాడు. వాడి మీది బెంగ కూడా పోతే ఇంట్లో నేనూ, టీ కెటిలూ మిగులుతాం.

మీ బోయిన్ తల్లినీ బావి చుట్టూ ఎడమవైపు తిరగొద్దన్నారట. తిరిగింది. బావి పొంగి ఆవిడనే ముంచేసింది. ఆ పొంగు ఇప్పటికీ తగ్గలేదు, మీరు దాన్నే బోయిన్ నది అని మొక్కుతున్నారు. నా మేజోడు ఆవిడకి అర్థమవుతుందిలే.

నీ మేలు మరిచిపోని,
నోరీన్

తా.క. చెట్టు కింద రేకు డబ్బాలో సోడా రొట్టె, వెన్న, ఉడికించిన పందిమాంసం పెట్టాను. గింజలు ఉడతల తిండి. వాడికి చేసే కొలతే చేశాను, తగ్గించడం ఇంకా చేతకాలేదు. కడుపునిండా తిను తల్లీ.