జిగణి పేజీ

2007 జూన్ 4, సోమవారం
కాలేజీ లైబ్రరీలకి వికీ పెట్టేశా. ఇక్కడికీ, ఊరవతల జిగణి క్యాంపస్‌లో ఉన్నదానికీ కలిపి ఒకటే. ఎవరూ నేర్పలేదు, సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నదే. పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ, స్కానర్ మొరాయిస్తే ఏం చేయాలి — మన పని మనమే రాసుకునే చోటు. ఎవరైనా రాయొచ్చు, అడగకుండా దిద్దొచ్చు. లైబ్రేరియన్ మేడం మాత్రం, "నెలాఖరు దాకా చూద్దాం. నువ్వొక్కడివే రాసుకునేదైతే తీసేయ్."

జూన్ 8
ఎవరూ రాయలేదు.

జూన్ 12
కౌంటర్లో కూర్చునే నాగరాజప్ప, ఇక్కడి కాటన్‌పేట మనిషి, నా పేజీ ప్రింటు తీసి తప్పులకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టి తెచ్చాడు.
"కంప్యూటర్లోనే దిద్దొచ్చు కదన్నా!"
"నువ్వు రాసిండేదాంట్లో నేను చెయ్యి పెడితే బాగుంటాదా అప్పా? మర్యాద అనేది ఒకటి ఉండాది."
మర్యాదట! ఒళ్లు మండింది. ఆ దిద్దుబాట్లన్నీ నేనే ఎక్కించా. మార్పుల జాబితాలో మళ్లీ నా పేరే.

జూన్ 19
ఇంకొకరి పేరు! సునీత — జిగణి లైబ్రరీలో ఒక్కతే ఉంటుంది. "ఇది కూడా వెతుక్కోలేనివాళ్లు లైబ్రరీకి రావద్దు" అని రాశా ప్రశ్నపత్రాల పేజీలో. అది లేదు. దాని చోట "దొరక్కపోతే అడగండి, తీసిస్తాం."
నా వాక్యం ముట్టుకుంటుందా? నాది నేను మళ్లీ పెట్టేశా.
ఫోన్. సునీతే, గుంటూరు యాస. "తప్పు దిద్దలేదండీ నేను. తిట్టు తీశా, అంతే."
"నన్నడగాలి కదా!"
"అడగక్కర్లేదని రాసింది మీరేగా?"
ఠక్కున పెట్టేశా.

జూన్ 22
సునీత మళ్లీ రాలేదు. మార్పుల జాబితా తెరిస్తే — నేను, నేను, నేను.
"ఏమప్పా, ముఖం అట్ల పెట్టుకోనుండావు? ఊట అయిందా?" నాగరాజప్ప.
తిన్నానన్నా. తినలేదు.

జూన్ 26
సునీత వాక్యం తిరిగి పెట్టా. అదీ నా పేరు మీదే పడింది. చూసినవాళ్లు నా మంచితనం అనుకుంటారు... ఛీ.

జూన్ 28
"ఎల్లుండే ముప్పై," అంది మేడం.
జిగణి గురించి ఇంత పొడుగు పేజీ రాశాను. ఆ లైబ్రరీ మొహం ఒక్కసారీ చూడలేదు. ఫైళ్లు చూసి రాసిందే. మొత్తం తీసేశా. పైన పేరు ఒక్కటే ఉంచా.
సునీతకి ఫోన్ చేశా.
"మీ పేజీ ఖాళీగా ఉంది."
"అయ్యో, ఎవరు తీశారండీ?"
"నేనే. అది... మీరు రాయాలి."
"పిల్లలు నిలబడున్నారండీ. చూస్తాలెండి."

జూన్ 29
మధ్యాహ్నం. ఇంకా ఖాళీయే. ఒక్క ముక్క రాసి మొదలుపెడదామని చేతులు దురదపెడుతున్నాయి.
ముట్టుకోను.