అగ్గిపెట్టెలోని ఉక్కు గోళీ

నరీన్ ప్రాంతం, కొక్-సాయ్ గ్రామంలో కార్ల మరమ్మతు చేసి బతికిన కీర్తిశేషులు ఒరోజ్ గారి ఏకైక కుమార్తె సైకాల్ అనే నేను, ఇరవై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. నాకు జ్వరం లేదు. మధ్యాహ్నం రొట్టె, పెరుగు తిన్నాను.

రేపు ఉదయం మా పెదనాన్న జపార్ పక్కన కూర్చుని నేను ఉచ్-మొయ్నొక్ కనుమ దిగాలి. ఆయన నీవా కారుకి కింది గేర్లు బిగించింది నేను. ఆ పని చేసినవాళ్లు తొలి దిగుడులో డ్రైవరు పక్కన కూర్చోవడం మా దగ్గర ఆచారం. ఆ దిగుడులో ఆయన బతకకూడదని నేను నిర్ణయించుకున్నాను. పక్కనే ఉంటాను కాబట్టి నేనూ బతకను. అందుకే ఈ కాగితం.

దీన్ని అమలు చేయవలసినవారు మా బడి టీచరు అనార్కాన్ గారు.

1. నాన్న షెడ్డు, అందులోని పనిముట్లు, రెండు జాకీలు, గేరు పళ్ల లెక్కలు రాసుకున్న నా నోటుబుక్కు, టైర్లు బాగుచేసే ఎర్కిన్‌కి చెందాలి. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే పెట్టెలో పళ్ల చక్రాలు మార్చి, కారు నిటారు రాళ్ల మీద మనిషి నడక కంటే నెమ్మదిగా ఎక్కేలా, దిగేలా చేయడం, అంటే కింది గేర్లు బిగించడం, ఎలాగో ఆ నోటుబుక్కులో ఉంది. ఎర్కిన్ ఆరేళ్లలో నాతో నలభై మాటలు మాట్లాడి ఉంటాడు. నేను అంతకంటే తక్కువ. ఒకసారి టీ గ్లాసు కారు కిందికి తోస్తూ, "నువ్వు కిందుంటే షెడ్డులో ఎవరూ లేనట్టే ఉంటుంది. అయినా బాగుంటుంది," అన్నాడు. టీ తాగి ఖాళీ గ్లాసు బయటికి తోశాను. బాగుండేది, ఎర్కిన్.

2. నా నిఘంటువు జలాలాబాదులో నన్ను చదివించిన సిస్టర్ క్లారాకి పంపాలి. "నీ చేతిరాత చూస్తే ఎవరైనా నమ్ముతారమ్మా," అనేవారు ఆవిడ. నమ్మారు సిస్టర్. కింది నిబంధన చదవండి.

3. మా నాన్న గుర్రం మీంచి పడి చనిపోలేదు. ఆసుపత్రి కాగితంలో ఆ మాట రాసింది నేను. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

జనవరి పన్నెండున పెదనాన్న షెడ్డుకి వచ్చాడు. చలికాలంలో కొండగొర్రెలు తలదాచుకునే ఎత్తుకి వేట కోసం కారు ఎక్కాలి, కింది గేర్లు బిగించమన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"వాటికి మనం ఎక్కలేని చోటు ఒక్కటైనా ఉండనీ అన్నయ్యా."

"ఊరందరికీ బిగిస్తావు, నాకు నీతులు చెప్తావట్రా?"

నేను అప్పుడు జాకీ మీదున్న కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. విప్పిన పెట్టె, దాదాపు ముప్పై కిలోల ఇనుము, నా గుండెల మీద ఉంది. నాకు బూట్లే కనిపించాయి. తరువాత కార్లు లాగే గొలుసు కొస కనిపించింది. తొమ్మిది దెబ్బలు లెక్కపెట్టాను. మూడోదానికి నాన్న మోకాళ్ల మీద పడ్డాడు. ఐదోదానికి దవడ విరిగింది. ఆ చప్పుడు ఎండు కొమ్మ విరిచినట్టు ఉంది. ఆయన ముఖం నా వైపు తిరిగి నేలకి తగిలింది. రెండు పళ్లు నూనె మడుగులో పడ్డాయి. మిగతా నాలుగు దెబ్బలు ఆ తరువాతివి.

అప్పుడు పెదనాన్న వంగి నన్ను చూశాడు. జాకీని బూటుతో తట్టాడు. కారు ఊగింది.

"కిందే ఉండు. నోరు తెరిచావా, దీన్ని నీ మీదికే దించుతా."

నాన్న పదకొండు రోజులు బతికాడు. మా పెద్దమ్మ బుర్మా, ఆ జపార్ భార్యే, పాలు చెంచాతో పట్టింది. ఆవిడకి ఏమీ తెలియదు. "గుర్రానికి ఇంత పగేమిటి తల్లీ," అని నన్నే అడిగింది. ఆసుపత్రి కాగితంలో అలా రాయమన్నది నాన్నే. మాట సరిగా పలకని నోటితో, "గుర్రం మీంచి పడ్డానని రాయి. అన్నయ్య జైలుకెళ్తే మన ఇంటి పరువేం కాను?" అన్నాడు. రాశాను. నాన్నా, ఆ మాట అడిగినందుకు నిన్ను నేను క్షమించలేదు.

నాన్న పోయిన నలభయ్యో రోజు భోజనానికి పెదనాన్న నాన్న గుర్రాన్నే కోశాడు. "తమ్ముణ్ణి చంపిన జంతువు," అని అందరి ముందూ దాని మెడ మీద కత్తి పెట్టాడు. అది ఎన్నడూ ఎవరినీ పడేయలేదు. నాలుగు కాళ్లూ కట్టేసినా నాన్న షెడ్డు వైపే తల తిప్పింది. ఆ మాంసం నేనూ తిన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "వాడు చెయ్యనన్న పని నువ్వు చెయ్యవే. పుస్తకాల పిల్లవిగా, పుస్తకం చూసి బిగించు," అన్నాడు. సరేనన్నాను. నా జీవితంలో అంత త్వరగా ఎవరికీ జవాబు చెప్పలేదు.

4. మా అమ్మ తెల్ల శాలువా పెద్దమ్మకి.

5. కిటికీ గట్టు మీది అగ్గిపెట్టెలో ఒక చిన్న ఉక్కు గోళీ, ఒక స్ప్రింగు ఉన్నాయి. అవి పెదనాన్న సొత్తు. కింది గేరు వేసినప్పుడు గేరు కడ్డీ జారకుండా పట్టి ఉంచేది ఆ గోళీయే. నేను దాన్ని లోపల పెట్టలేదు. దిగుడులో, రాళ్ల కుదుపుకి, గేరు దానంతటదే ఊడిపోతుంది. ఆయన బ్రేకులు అరిగి రేకు మిగిలింది; గేరే పట్టుకుంటుందిలే అని మార్చనివ్వలేదు. చలికి గడ్డకట్టి పట్టేస్తుందని ఇక్కడ అందరూ చేతి బ్రేకు తీగ తీసేస్తారు, ఆయనా తీసేశాడు. మూడో మలుపు దగ్గర నాలుగు వందల అడుగుల లోతు ఉంది. నేను ఆయన ముఖం చూస్తూ ఉంటాను. గోళీని ఆయన సమాధిలో వేయండి.

ఇక్కడ రాయడం ఆపవలసి వచ్చింది. పెద్దమ్మ వచ్చింది. కాగితం మీద నిఘంటువు పెట్టాను. ఆవిడ నిలబడే చెప్పింది:

"అమ్మాయ్, రేపు నేనూ వస్తున్నా. వెనక కూర్చుంటా."

వద్దన్నాను. రాళ్ల దారి, నడుము పట్టేస్తుందన్నాను.

"ఆ మనిషితో నిన్నొక్కదాన్నే పంపుతానా? మలుపులో కూడా మీసం దువ్వుకునే రకం. నీ గేర్ల మీద నాకు నమ్మకముందే. ఆయన బుర్ర మీదే లేదు."

మూట కూడా కట్టేసుకుందట. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి అంటే కారణం చెప్పాలి. "సరే పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ వెళ్లాక షెడ్డుకి వెళ్లాను. గోళీ పెట్టాను, దాని మీద స్ప్రింగు, ఆపైన మూత. నా బలమంతా పెట్టి బిగించాను. గేరు వేసి, కడ్డీని సుత్తితో కొట్టి చూశాను. జారలేదు. తిరిగి వచ్చి రాస్తున్నాను.

అయిదో నిబంధనను రద్దు చేస్తున్నాను. కొట్టేయడం లేదు. అందులో ఉన్నది నేను చేయబోయిన పని. అది కూడా నా పేరు మీదే ఉండాలి. అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. ఎవరికీ చెందనక్కరలేదు.

6. షెడ్డు వెనక గోడలో, ఎడమనుంచి నాలుగో ఇటుక వెనక ఆ గొలుసు ఉంది. కడగలేదు. నాన్న పళ్లు రెండూ దానితోపాటే గుడ్డలో కట్టి ఉన్నాయి. అనార్కాన్ టీచర్, వాటిని, మూడో నిబంధనను జిల్లా ప్రాసిక్యూటరుకి ఇవ్వండి. నేను తిరిగి వస్తే నేనే ఇస్తాను. ఎలాగైనా అవి అక్కడికి చేరాలి.

7. నేను బిగించిన గేర్లలో ఆ కనుమ దిగడానికి గంటకు పైగా పడుతుంది. పదకొండు మలుపులు. అంతసేపూ ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలి. వెనక పెద్దమ్మ ఉంటుంది. మొదటి మలుపులో మొదలుపెట్టి, మూడో నిబంధనలో రాసినదంతా, తొమ్మిది దెబ్బలూ, గట్టిగా చెబుతాను. గట్టిగా మాట్లాడడం నాకు అలవాటు లేదు. అంత నెమ్మదిలో ఈ కారు చప్పుడు తక్కువ.

కింద చదును చేరాక ఆయన చేతులు ఖాళీ అవుతాయి. అందుకని ఈ వీలునామా చెల్లుతూనే ఉండాలి.

2011 మే 19, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు, పగటి వెలుతురులో సంతకం చేశాను. లోపలి విషయం సాక్షులకు చదివి వినిపించలేదు.

(సంతకం) సైకాల్, ఒరోజ్ కుమార్తె

సాక్షులు:
1. సాదిక్, మసీదులో నమాజు చేయించే మొల్దో
2. తుర్సున్, తపాలా ఉద్యోగిని